మూడు చాకులు, ఒక సానరాయి

నా దగ్గర మూడు మడత చాకులున్నాయి: ఒక విక్టోరినాక్స్ కంపెనీది, ఒక ఒపినెల్ కంపెనీ కార్బన్ స్టీల్ చాకు, ఎస్30వీ అనే ఉక్కుతో చేసిన ఇంకొకటి. చాలాకాలం మూడింటినీ ఒకే సానరాయి మీద ఒకేలా నూరేవాణ్ణి. నూరగానే కాగితం సర్రున తెగేది. రెండు అట్టపెట్టెలు కోసేసరికి మొద్దుబారేది. ఉక్కే అంత అనుకున్నాను.

అసలు సంగతి బర్. ఒకవైపు నూరుతుంటే వాదర అవతలికి సన్నటి లోహపు పొర మడతపడుతుంది. కంటికి సరిగా ఆనదు కానీ, వెన్ను నుంచి వాదర బయటికి వేలు జరిపితే గరుకుగా తగులుతుంది. అది నిటారుగా ఉన్నంతసేపే కాగితం తెగుతుంది. పని మొదలవగానే ఒరిగిపోతుంది. ఇన్నాళ్లూ నేను పదును అనుకున్నది ఆ పొరనే!

అప్పటినుంచి వాదర పక్కన మార్కర్ పూసి నూరుతున్నాను. రంగు మిగిలిన చోట రాయి తగల్లేదన్నమాట. ఒక్కోవైపు సుమారు 20 డిగ్రీల వాలు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బర్ తగిలాకే రెండోవైపు తిప్పుతాను. ఆఖర్లో అటొకసారి ఇటొకసారి, దాదాపు చాకు బరువుతోనే లాగుతాను. తర్వాత తోలుపట్టీ. ఇదివరకు తొందరపడింది సరిగ్గా ఇక్కడే.

బర్ తీయడం తెలిశాక ఉక్కుల తేడా చేతికి తెలిసింది. ఒపినెల్‌లో కార్బన్ 0.9 శాతం దాకా ఉంటుంది, అలుగు పలచన. రాయి మీద వెన్నలా నడుస్తుంది, బర్ ఇట్టే ఊడిపోతుంది. తడి తుడవకపోతే మాత్రం తుప్పు. విక్టోరినాక్స్ గట్టిదనం, ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద, 56 ప్రాంతంలో ఉంటుంది. తొందరగానే పదునెక్కుతుంది, కానీ బర్ మొండిది. అటు నూరితే ఇటు, ఇటు నూరితే అటు వాలుతుంది.

ఎస్30వీ నన్ను బాగా ఏడిపించింది. అందులో వెనేడియం అనే లోహం 4 శాతం. అది కార్బన్‌తో కలిసి ఏర్పడే కార్బైడ్ రేణువులు మామూలు సానరాళ్లలో వాడే అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి. గంటసేపు రుద్దినా బర్ రాలేదు. వజ్రపు పొడి అంటించిన ప్లేటు తెచ్చాక పదిహేను నిమిషాల్లో వచ్చింది. దీన్ని అద్దంలా మెరిపించను, 600 గ్రిట్ దగ్గరే ఆపుతాను (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన). ఆ కాస్త గరుకు వాదరే అట్టను పట్టి కోస్తుంది, మిగతా రెండూ మొద్దుబారాక కూడా.

అయినా రోజూ నా జేబులో ఉండేది విక్టోరినాక్సే. పదును తగ్గిందనిపిస్తే తోలుపట్టీ మీద పదిసార్లు లాగితే చాలు, మళ్లీ కోస్తుంది.