మా కోడిపుంజుకి మెజెంటా జుట్టు ఎలా వచ్చింది

1989 ఎండాకాలం సెలవుల్లో మా అన్నయ్యా నేనూ ఒక కోడిపుంజు బొమ్మ వేశాం. కాయితం మీద కాదు, కంప్యూటర్లో. పుణెలో ఉద్యోగం చేసే మా చిన్నమావయ్య తణుకు వస్తూ డీబీ స్పెక్ట్రం ప్లస్ అనే కంప్యూటర్ ఒకటి పట్టుకొచ్చి, పాడుచేస్తే తోలు తీస్తానని చెప్పి మరీ నెల్రోజులు మా ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. బ్రిటన్‌లో 1982లో వచ్చిన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రం ఉంది చూడండి, దాని తమ్ముడే ఇది, పుణెలో డెసిబెల్స్ అనే కంపెనీ ఇక్కడ అమ్మేది. మానిటర్ లేదు, డిస్కు లేదు. టీవీ వెనక యాంటెన్నా వైరు పీకి దీని వైరు పెట్టడం, బొమ్మ దాచుకోవాలంటే టేప్ రికార్డర్లో క్యాసెట్ పెట్టి రికార్డ్ నొక్కడం, అంతే.

మా టీవీ బ్లాక్ అండ్ వైట్. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనుంది.

స్పెక్ట్రం స్క్రీన్ అంటే 256 అడ్డం, 192 నిలువు, అన్ని చుక్కలు. కానీ చుక్కకో రంగు ఇవ్వదు. స్క్రీన్ మొత్తాన్ని 8×8 చుక్కల గడులు చేసి (768 గడులు వస్తాయి) ఒక్కో గడికి రెండే రంగులు, ఒకటి గీతకి, ఒకటి వెనక నేలకి. పిసినారితనం కాదు, లెక్క అలా ఉంది మరి. ఉన్న 15 రంగుల్లోంచి (ఎనిమిది మామూలువి, నలుపు తప్ప మిగతా ఏడింటికీ ఇంకాస్త మెరిసేవి) ప్రతి చుక్కకీ విడిగా ఒకటి ఇవ్వాలంటే 24 కేబీ కావాలి, మిషన్లో ఉన్నదే 48. గడుల పద్ధతిలో చుక్కలకి 6144 బైట్లు, రంగులకి 768, మొత్తం 6912తో పనైపోతుంది. దీనివల్ల ఏమవుతుందంటే, ఒకే గడిలోకి మూడో రంగు వచ్చిందా, ఆ గడి మొత్తం రంగు మారిపోతుంది, కోడి తోక పక్కనున్న చెట్టుకి అంటుకుపోతుంది. ఆ రోజుల్లో ఆటలకి బొమ్మలేసిన వాళ్ళ గొప్పతనం అంతా ఇక్కడే, రంగు మారాల్సిన చోటు సరిగ్గా గడి అంచు మీద పడేలా బొమ్మనే జరిపేసేవాళ్ళు, కుదరకపోతే మధ్యలో నల్ల గీత పెట్టి కప్పేసేవాళ్ళు. ఇప్పుడు అలాంటి బొమ్మని పెద్దది చేసి గడిగడికీ చూస్తుంటే నాకు గంటలు తెలీవు. చదరంగం ఆట చూస్తున్నట్టు ఉంటుంది.

మాకు అంత తెలివి లేదు. అమ్మ మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్ వేసే కోడిపుంజు గ్రాఫ్ ఒకటి ఇంట్లో ఉంటే అది ముందేసుకుని, అన్నయ్య గళ్ళు లెక్కపెట్టి చెప్తుంటే నేను ప్లాట్, డ్రా (చుక్క పెట్టు, గీత గియ్యి అని కంప్యూటర్‌కి చెప్పే మాటలు) అని కొట్టుకుంటూ పోయాను. నాలుగు రోజులు పట్టింది. క్యాసెట్ మీద నమ్మకం లేక ఒకే బొమ్మని రెండుసార్లు సేవ్ చేశాం, ఈ పనికి మా అన్నయ్యకి ఇప్పటికీ దణ్ణం పెడతా.

పోయిన సంక్రాంతికి అమ్మ బీరువా సర్దుతుంటే ఆ క్యాసెట్ బయటపడింది. అంచుల్లో తెల్లగా బూజు. నేను చేసిన మొదటి వెధవ పని, పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే ఒక షాపులో ఇవ్వడం. ఆయన పాపం శ్రద్ధగా చేశాడు, "లోపల ఒకటే గోల అమ్మా, పాట ఎక్కడా లేదు, గోల మొత్తం క్లీన్ చేసేశా" అని పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఆ కంప్యూటర్ క్యాసెట్ మీద బొమ్మని కీచు శబ్దంగానే దాస్తుంది, ఆ గోలే నా బొమ్మ! డబ్బులిచ్చి, క్యాసెట్ వెనక్కి తీసుకుని ఇంటికొచ్చా, ఏమంటాం.

తర్వాత నేనే మొదలెట్టా. బూజు దూదితో తుడిచి, ఒక పాత టేప్ రికార్డర్ అడిగి తెచ్చి, ఇయర్‌ఫోన్ పిన్ను నుంచి ల్యాప్‌టాప్‌కి వైరేసి వేవ్ ఫైల్‌గా రికార్డ్ చేశా. ఎంపీ3 వద్దు, అది మన చెవికి వినపడదనుకున్నది తీసేస్తుంది, ఇక్కడ వినేది చెవి కాదు కదా. మొదటిసారి ఏమీ దొరకలేదు. టేప్‌ని చదివే హెడ్ పక్కన బుల్లి స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే హెడ్ వంపు మారుతుంది, మనం రికార్డ్ చేసిన టేప్ రికార్డర్లో ఏ వంపు ఉందో అదే వంపు ఇక్కడా రావాలి. పావు తిప్పు కూడా ఎక్కువే. తిప్పుతూ తిప్పుతూ ఉంటే దుప్పటి కింద నుంచి వస్తున్నట్టున్న కూత ఒక్కసారిగా సూదిలా గుచ్చుకుంది, అక్కడ ఆగా. మొదటి కాపీ మధ్యలో టేప్ దెబ్బతింది, ఒక బిట్టు ఎగిరిపోతే దాని తర్వాతవన్నీ పక్కకి జరిగిపోతాయి, సగం కోడి బానే ఉంది, మిగతా సగం చెత్త. రెండో కాపీ దిగింది. చివర్లో లెక్క సరిచూసుకోడానికి ఒక బైటు ఉంటుంది, అదీ సరిపోయింది.

ఎమ్యులేటర్లో, అంటే ల్యాప్‌టాప్‌ని పాత స్పెక్ట్రంలా నడిపించే ప్రోగ్రాంలో, ఎక్కించి చూశా. స్పెక్ట్రంలో బొమ్మ పైనుంచి కిందకి బుద్ధిగా రాదు, స్క్రీన్ మూడు వాటాలుగా, ఒక్కో వాటాలో ఏడేసి గీతలు వదిలి ఎనిమిదో గీత పడుతూ వస్తుంది, ఓ నలభై సెకన్లు. నలుపూ తెలుపులో కోడి మొత్తం వచ్చింది, ఆఖర్న రంగులు పడ్డాయి. నేను నోరెళ్ళబెట్టా.

కోడి ఒళ్ళు లేత నీలం. జుట్టు మెజెంటా. కింద నేల ముదురు నీలం. ఏ సంక్రాంతి బరిలోనూ ఇలాంటి పుంజు ఉండదు!

కాసేపటికి వెలిగింది. స్పెక్ట్రంలో 0 నలుపు నుంచి 7 తెలుపు దాకా రంగుల వరసే వెలుతురు ప్రకారం ఉంటుంది, బ్లాక్ అండ్ వైట్ టీవీలో అవి నలుపు నుంచి తెలుపుకి మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. మేం రంగులు చూసి పెట్టలేదు, బూడిద రంగు మెట్లు చూసి పెట్టాం. జుట్టుకి 2 అంటే ఎరుపే, కానీ మా టీవీలో అది నల్లగా ఆకాశంలో కలిసిపోయింది, అందుకని 3. ఒంటికి 6 పెడితే వెలిసిపోయినట్టుందని 5. ముప్పై అయిదేళ్ళకి పైగా మేం ఎన్నడూ చూడని రంగుల్ని ఆ క్యాసెట్ దాచిపెట్టుకుని కూర్చుంది.

అందుకే ఇలాంటి బొమ్మలు దాచేటప్పుడు స్క్రీన్‌షాట్ ఒక్కటీ సరిపోదంటాను నేను, ఆ 6912 బైట్లు ఉన్నవి ఉన్నట్టు ఉండాలి. వాటిలోంచి రంగు బొమ్మా వస్తుంది, బూడిద బొమ్మా వస్తుంది. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమీగా కంప్యూటర్ మీద వేసిన బొమ్మలు కూడా ఇలాగే ఫ్లాపీల్లో ఏళ్ళ తరబడి పడున్నాయి, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ క్లబ్ కుర్రాళ్ళు ఆ ఫ్లాపీలు చదివి, ఎవరికీ తెలీని ఫైల్ ఫార్మాట్ విప్పుకుని మరీ 28 బొమ్మలు బయటికి తీశారు, 2014లో లోకానికి తెలిసింది. మూడు కళ్ళ వీనస్ ఒకటుంది అందులో, చూడండి. ఆ రోజుల్లోదే ఇంకో ఇంటి కంప్యూటర్ కొమడోర్ 64, దాని వాళ్ళది ఇంకో తంటా. దాని మల్టీకలర్ బొమ్మల్లో చుక్క వెడల్పు రెండింతలు ఉంటుంది, అది పట్టించుకోకుండా దాచేస్తే మనుషులంతా ఉపవాసం ఉన్నట్టు బక్కగా అయిపోతారు. ఇంక దాని అసలు రంగులు ఏవన్న దాని మీద గొడవ ఇప్పటికీ తెగలేదు, ఆ చిప్పు రంగుల్ని నంబర్లుగా కాదు, నేరుగా టీవీ సిగ్నల్‌గా పంపేది.

సరే, డాలస్‌లో ఉన్న అన్నయ్యకి కోడిని వాట్సాప్‌లో పంపా. "ఏంటే ఇది, నీళ్ళలో తడిసినట్టుంది" అన్నాడు. నిజమే, వాట్సాప్ దాన్ని జేపెగ్ చేసి పారేసింది, జేపెగ్‌కి ఫోటోలంటే ప్రేమ, ఇలాంటి నిటారు అంచులుంటే చుట్టూ మరకలు పెడుతుంది, రంగులు పక్కకి పులుముతుంది. మళ్ళీ చుక్క కూడా మార్చని పీఎన్‌జీ ఫైల్ చేసి, సరిగ్గా నాలుగు రెట్లు, 1024×768, చుక్కల్ని నున్నగా చెయ్యొద్దని చెప్పి పెద్దది చేసి డాక్యుమెంట్‌గా పంపా. మూడున్నర రెట్లు అలా చెయ్యకూడదు, కొన్ని చుక్కలు లావు కొన్ని సన్నం అవుతాయి.

ఇంకో సంగతి. ఆకాశంలో కుడివైపు పైన ఒకే ఒక్క తెల్ల చుక్క ఉంది. గ్రాఫ్‌లో లేదు అది. టేప్ మచ్చేమో అనుకుని చెరిపేద్దామని మౌస్ దాకా వెళ్ళా, అప్పుడు గుర్తొచ్చింది, చివరి బైటు లెక్క సరిపోయింది కదా, అంటే అది టేప్ చేసిన తప్పు కాదు, ఆ రోజు మేం సేవ్ చేసినప్పుడే అక్కడుంది. వదిలేశా.

ఎమ్యులేటర్‌ని బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి తీసింది కూడా రాత్రి పంపాను. పొద్దున లేచేసరికి అన్నయ్య వాయిస్ మెసేజ్. "అదీ మన కోడి. ఆ పైన చుక్క చూశావా, పొరపాటున నొక్కేసి, కాదు వేగుచుక్క అని నాతో రెండ్రోజులు దెబ్బలాడావు."