అత్తో బండి దగ్గర

శనివారం, రాత్రి 11 దాటింది

ఉదయం జరిగింది ముందు రాయాలి. మా అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ స్థలంలో కొత్త బిల్డింగ్ కడుతున్నారు. కూలీలు అక్కడే రేకుల షెడ్డులో ఉంటున్నారు. ఇరవై, పాతిక మంది కుర్రాళ్ళు. కొందరు హిందీ, కొందరు ఒడియా మాట్లాడతారు. వాళ్ళని అక్కడి నుంచి పంపించెయ్యాలని అసోసియేషన్ వాళ్ళు మీటింగ్ పెట్టారు. నీళ్ళు వృథా, రాత్రిళ్ళు పాటలు, ఆడపిల్లలు ఆ దారిన రావాలంటే టెన్షన్ అని మొదలైంది. చివరికి ఒకాయన, "అసలు వీళ్ళు తక్కువ కూలికి ఒప్పేసుకుని మనవాళ్ళ పొట్ట కొడుతున్నారు" అన్నాడు. అందరూ అవునన్నారు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు. టీ తాగి వచ్చేశాను.

ఫోను స్క్రీను పగిలి వారమైంది. మధ్యాహ్నం ఇక్కడ చెన్నైలోనే ఉన్న బర్మా బజారుకి వెళ్ళాను. బీచ్ స్టేషన్లో దిగి రోడ్డు దాటితే చాలు. షాపు కుర్రాడు రెండు గంటలు పడుతుందన్నాడు. ఎండ చల్లబడేదాకా హైకోర్టు గోడ వైపు నడిచాను. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఈ ఊరి మీద గుండ్లు పేల్చిన గుర్తుగా అక్కడొక ఫలకం ఉంది. ఆ రాత్రి హార్బరులో తగలబడినవి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు. ఈ వీధిలో ఎటు తిరిగినా బర్మాయే తగులుతుంది.

ఆకలేసి అత్తో బండి దగ్గర ఆగాను. అత్తో అంటే బర్మా నూడుల్స్. లావుపాటి నూడుల్స్‌లో సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లిపాయ, వేయించిన వెల్లుల్లి, కారం, చింతపండు పులుసు వేసి చేత్తోనే కలిపి ఇస్తారు. పక్కన గిన్నెలో అరటిదవ్వ సూపు. బండి నడిపేది ఒక పెద్దావిడ. కారం తగ్గించమని తమిళంలో చెప్పాను. చెన్నై వచ్చి ఇరవై ఏడేళ్ళయినా నా తమిళానికి మా ఊరి యాస పోలేదు. ఆవిడ కలపడం ఆపి చూసింది.

"ఏ ఊరు బాబూ మీది?" అచ్చ తెలుగు.

"కళింగపట్నం దగ్గరమ్మా."

"మా నాన్నది టెక్కలి. నేను పుట్టింది మాత్రం రంగంలో."

రంగం. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. మా ఊళ్ళో రంగూన్ అని ఎవరూ అనేవారు కాదు. రంగం వెళ్ళాడు, రంగం నుంచి డబ్బు పంపాడు, రంగంలోనే పోయాడు. ప్రతి ఇంట్లోనూ అలాంటి వాక్యం ఒకటి ఉండేది.

ఆవిడకి పదేళ్ళప్పుడు, 1964లో వచ్చేశారట. 1962లో బర్మా సైన్యాధిపతి నె విన్ సైన్యంతో గద్దె ఎక్కాడు. రెండేళ్ళకి కొట్లన్నీ ప్రభుత్వానివే అన్నారు. వాళ్ళ నాన్నది బియ్యం, పప్పుల కొట్టు. ఒక పొద్దున సైనికులు వచ్చి లెక్క రాసుకుని తాళం వేసుకుపోయారు. ఆ మే నెలలోనే యాభై, వంద చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. "మా నాన్న తలగడలో దాచిన వంద నోట్లు మా అమ్మ పొయ్యిలో పెట్టింది బాబూ. అన్నం ఉడికింది వాటి మీద," అంది. ఓడ ఎక్కే చోట చెవి కమ్మలు తీసేసుకున్నారట. ఆ ఏళ్ళలో అలా వచ్చేసినవాళ్ళు సుమారు మూడు లక్షల మంది. ఆవిడ చిన్నాన్న వాళ్ళు విశాఖలో దిగి కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో ఉండిపోయారు. వీళ్ళు మదరాసులో దిగి వ్యాసర్‌పాడి చేరారు.

"మీవాళ్ళెవరైనా వెళ్ళారా?" అని అడిగింది.

వెళ్ళారు. మా ముత్తాత రంగం రేవులో కళాసీ, అంటే ఓడల సరుకు మోసే కూలీ. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కళింగపట్నంలో ఓడ ఎక్కాడు. ఓడ డెక్కు మీదే పడక. ఆ అడ్వాన్సు తీరేదాకా కూలి డబ్బు ముందు మేస్త్రీకి, తర్వాతే ఇంటికి. గోదావరి మొగ దగ్గరి కోరంగి రేవు పేరు మీద రంగంలో మన తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారు. 1931 నాటికి ఆ నగరంలో సగానికి పైగా మన దేశం వాళ్ళే.

మా తాత 1942లో నడిచొచ్చినవాడు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. ప్రోమ్ దాకా వెళ్ళి, ఇరావతి దాటి, అరకాన్ కొండలెక్కి, తౌంగప్‌లో పడవ ఎక్కి, అక్యాబ్, చిట్టగాంగ్ మీదుగా ఇంటికి చేరాడు. కలరా వచ్చినవాళ్ళని దారిలో వదిలేసి నడిచామని చెప్పేవాడు. వాళ్ళ పేర్లు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికి చేరిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 6న, జపాన్ వాళ్ళు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేశారు. ఇదంతా మా ఇంట్లో పండక్కీ పబ్బానికీ చెప్పుకునే కథే.

చెప్పుకోనిది ఒకటుంది. అది 1930 నాటిది. ఆ బండి దగ్గర నిలబడి దాన్ని ఆవిడకి చెప్పాను. ఎందుకో చెప్పాలనిపించింది.

ఆ మే నెలలో గాంధీని అరెస్టు చేశారు. అదే రోజు రాత్రి రంగం దగ్గరి పెగులో భూకంపం వచ్చింది. రంగం రేవులో తెలుగు కళాసీలు కూలి పెంచమని సమ్మెకి దిగారు. ఓడల వాళ్ళు బర్మీయుల్ని తెచ్చి పనిలో పెట్టారు. దాదాపు మూడు వారాలకి రాజీ కుదిరింది. కూలి పెరిగింది, మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చారు. 26వ తేదీ పొద్దున ఎప్పటిలాగే పనికొచ్చిన బర్మీయుల్ని, ఇంక మీతో పని లేదని గేటు దగ్గరే తిప్పి పంపేశారు. వాళ్ళ ఆడవాళ్ళు అన్నం గిన్నెలు పట్టుకొచ్చారట. అది చూసి మనవాళ్ళు నవ్వారు. మా ముత్తాత కూడా నవ్వాడు.

తర్వాత కత్తులు లేచాయి. రోజుల తరబడి తెలుగువాళ్ళని ఇళ్ళలోంచి లాగి నరికారు. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. మా ముత్తాత మూడు రోజులు ధాన్యం బస్తాల వెనక దాక్కుని బతికాడు. ఆయన ఆ కత్తుల గురించి చెప్పి ఏడ్చేవాడు కాదట. చివరి రోజుల్లో మా తాతతో ఒకే మాట పదే పదే అన్నాడట. "ఆ గిన్నెల్లో వేడన్నం ఉందిరా. ఆవిరి వస్తోంది. మేం నవ్వాం."

చంపినవాళ్ళ తప్పుని ఆ నవ్వుతో సమానం చెయ్యను. ఎన్నటికీ కాదు. కానీ రేవు యజమానులకి ఆ మూడు వారాలూ చవగ్గా గడిచాయి. బర్మా కూలీకి తెలుగువాడు పొట్ట కొట్టినవాడయ్యాడు, తెలుగువాడికి బర్మా కూలీ. యజమానుల వంక ఎవరూ చూడలేదు. అది నా గుండెల్లో మండుతూనే ఉంటుంది. పొద్దున మీటింగులో విన్న మాట కూడా అదే కదా.

ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రంగంలో మా పక్కింటి బర్మా ఆవిడ, మేం బయల్దేరే రోజు రేవు దాకా వచ్చింది. దారిలో తినమని అన్నం కట్టిచ్చింది," అంది. డబ్బులు తీసుకోలేదు. బలవంతం చేస్తే సగం తీసుకుంది.

రైలు దిగి ఇంటికి నడిచేసరికి ఎనిమిదయింది. షెడ్డు ముందు ఇటుకల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఏ ఊరని ఒక కుర్రాడిని నాకొచ్చిన హిందీలో అడిగాను. గంజాం అన్నాడు. ఇచ్ఛాపురం దాటితే వాళ్ళ జిల్లాయే. "ఇచ్ఛాపురం తెలుసా?" అన్నాను తెలుగులో. "తెలుసండి, మా అక్కని అక్కడే ఇచ్చాం," అన్నాడు, తెలుగులోనే. కూర్చోమని బకెట్ బోర్లించాడు. పది నిమిషాలు కూర్చున్నాను. నీళ్ళు సాయంత్రం ఒక్క గంటే వస్తాయట. అదీ మేస్త్రీ వాల్వు తిప్పితేనే.

ఇంటికొచ్చి కొత్త స్క్రీను మీద అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు తెరిచాను. షెడ్డు తీయించాలని అర్జీ పెట్టారు. కింద సంతకాల లిస్టు. పదకొండో పేరు నాది. మీటింగుకి వచ్చినవాళ్ళ పేర్లన్నీ రాసేశారు.

నా పేరు తీసెయ్యమని రాశాను. సోమవారం ఆ కుర్రాళ్ళ నీళ్ళ సంగతి బిల్డర్‌తో మాట్లాడదాం, ఎవరైనా వస్తారా అని అడిగాను. ముప్ఫై నలుగురు చూసినట్టు నీలం టిక్కులు కనబడుతున్నాయి. ఇంకా ఎవరూ బదులివ్వలేదు.