మందుల షాపులో బ్రెగ్జిట్

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో ఉండాలా, బయటికి వెళ్లాలా అని 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో నాకు ఓటు ఉంది. నాతో పాటు అదే మందుల షాపులో పనిచేసే పోలండు ఆవిడకి లేదు. ఆవిడ ఇంగ్లండులోని ఈ పీటర్‌బరో ఊరికి వచ్చింది 2005లో. ఇక్కడే ఇల్లు కొనుక్కుంది, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు, నేను చేరేనాటికే కౌంటర్ మీద అందరికన్నా పాత మనిషి. నేను నరసరావుపేటలో బీఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్ల కోసం ఉన్న ఓస్పాప్ అనే ఏడాది కోర్సు చేసి, వర్క్ వీసా మీద పనిచేస్తున్నదాన్ని. ఆ వీసా ఎప్పుడు ముగుస్తుందో కార్డు మీదే రాసి ఉంది. అయినా ఓటు నాకే వచ్చింది. ఇక్కడ ఉండటానికి అనుమతి ఉన్న, ఇండియా లాంటి కామన్వెల్త్ దేశాల పౌరులు పార్లమెంటు ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు. రెఫరెండానికీ దాదాపు అదే జాబితా వాడారు. ఈయూ పౌరుల్లో ఐర్లండు, మాల్టా, సైప్రస్ వాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఆ హక్కు లేదు. ఎవరి బతుకు మీద నిర్ణయం జరుగుతోందో వాళ్లని పక్కన కూర్చోబెట్టి, నాలాంటివాళ్లని అడిగారు.

ఈ సంగతి ఆవిడకి చెప్పడానికే నాకు మొహమాటం వేసింది. ఆవిడ మాత్రం కోప్పడలేదు. "అయితే నా గురించి కూడా ఆలోచించి వెయ్యి" అంది.

మన తెలుగువాళ్లలో చాలామంది ఆవిడ గురించి ఆలోచించలేదు. ఈయూ నుంచి వచ్చేవాళ్లు తగ్గితే మన దేశాలవాళ్లకి వీసాలు పెరుగుతాయని బయటికి వెళ్దామనే పక్షం గట్టిగా ప్రచారం చేసింది. అప్పట్లో మంత్రిగా ఉన్న ప్రీతి పటేల్ కర్రీ హౌసుల్ని కాపాడుకుందాం అంటూ, వంటవాళ్లకి వీసాలు దొరకకపోవడానికి ఈయూ వలసలే కారణమని చెప్పుకొచ్చారు. వాట్సాప్ గ్రూపుల్లో అదే పాట. "పోలండు వాళ్లు పోతే ఆ ఉద్యోగాలు మనవే కదా అక్కా" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పినవాళ్లున్నారు. ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పక్కవాడి అన్నం తీసేసి మనకి వడ్డిస్తామన్నవాళ్లు రేపు మన విస్తరి లాగరని నమ్మకమేమిటి? నేను ఉండిపోదామనే పక్షానికే వేశాను.

ఆ జూన్ నెలలో ఊరంతా అనుమానమే. 7వ తేదీ రాత్రి, గడువుకి కొద్ది సేపటి ముందు, ఓటరు నమోదు వెబ్‌సైట్ కుప్పకూలింది. గడువుని 9 దాకా పొడిగించారు. వెంటనే, ఉండిపోదామనే కుర్రకారు ఓట్లు చేర్చుకోవడానికే ప్రభుత్వం ఈ నాటకం ఆడిందన్నారు కొందరు. తర్వాత పెన్సిల్ గొడవ మొదలైంది. ఇక్కడ పోలింగ్ బూత్‌లో గుర్తు పెట్టడానికి తాడు కట్టిన పెన్సిల్ ఇస్తారు. రాత్రికి రాత్రి గూఢచారి శాఖ వాళ్లు ఆ గుర్తులు చెరిపేసి మళ్లీ పెడతారని, అందరూ సొంత పెన్ను తీసుకెళ్లాలని ప్రచారం పుట్టింది. పెన్ను వాడుకోవచ్చని ఎన్నికల సంఘమే చెప్పింది. ఆ ముక్క చెప్పాక అనుమానం తగ్గాలి. పెరిగింది. మా షాపుకొచ్చే ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి మందుల సంచీతో పాటు జేబులో పెన్ను చూపించి, "వీళ్లని నమ్మడానికి లేదు" అన్నాడు. వీళ్లంటే ఎవరని అడిగితే చెప్పలేదు.

16వ తేదీన, బయటికి వెళ్దామనే యూకిప్ పార్టీ శరణార్థుల పొడవాటి వరుస బొమ్మతో ఒక పోస్టర్ విడుదల చేసింది. అదే రోజు యార్క్‌షైర్‌లోని బర్‌స్టల్‌లో ఎంపీ జో కాక్స్‌ని నడిరోడ్డు మీద చంపేశారు. ఆ సాయంత్రం షాపులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

ఫలితం అందరికీ తెలిసిందే, 51.9 శాతం బయటికి, 48.1 శాతం ఉండటానికి. మా పీటర్‌బరోలో దాదాపు 61 శాతం బయటికే వేశారు. ఇక్కడికి పెద్ద దూరం లేని బోస్టన్‌లో అది 75.6 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. చుట్టూ క్యాబేజీ, బంగాళదుంప పొలాలు, కూరగాయలు ప్యాక్ చేసే షెడ్లు. ఆ పనుల్లో ఎక్కువమంది లిథువేనియా, పోలండు, లాత్వియా వాళ్లే. పొద్దున్నే నాన్న ఫోన్. "ఏమ్మా, అక్కడ అందర్నీ పంపించేస్తారంటగా?" "మమ్మల్ని కాదు నాన్నా" అన్నాను. ఆ జవాబు నోట్లోంచి రాగానే నాకే ఎలాగో అనిపించింది. ముందురోజు వరకు వంద రూపాయలకి చేరువలో ఉన్న పౌండు ఒక్క పూటలో తొంభైల మొదటికి జారింది, అక్టోబరుకి ఎనభైల మొదట్లోకి దిగింది. "పౌను లేచాక పంపించు తల్లీ" అన్నాడు నాన్న. బ్యాంకు వాయిదా అంతవరకూ ఆగదు కదా, పంపాను.

తర్వాత వారాల్లో మాటలు మారాయి. మాకు దగ్గర్లోని హంటింగ్‌డన్‌లో పోలండువాళ్లని పురుగులని తిడుతూ కార్డులు అచ్చువేసి ఇళ్ల ముందు పడేశారు. ఆ జూలైలో పోలీసులు నమోదు చేసిన జాతి, మత విద్వేష నేరాలు అంతకు ముందు ఏడాది జూలై కన్నా 41 శాతం ఎక్కువని హోం శాఖే తర్వాత చెప్పింది. నన్ను ఎవరో బస్సు స్టాపులో "ఎప్పుడు వెళ్తున్నావు?" అని అడిగారు. అది మామూలు మూర్ఖత్వం, మర్చిపోవచ్చు. మర్చిపోలేనిది వేరే. ఏళ్లుగా నా చేతి మీదుగా బీపీ మాత్రలు తీసుకునే ఒక పెద్దాయన, పోలండు ఆవిడ వెనక అల్మరా దగ్గర ఉండగా, గొంతు తగ్గించి, "నీ గురించి కాదులే, నువ్వు మంచిదానివి, మా బాధంతా వాళ్లతోనే" అన్నాడు. ఆవిడకి వినపడింది. నన్ను మినహాయించినందుకు నాకు సంతోషం కలుగుతుందని ఆయన అనుకున్నాడు. ఆయన దయగా ఇచ్చిన మినహాయింపుని ఇంకొకరు అంతే సులువుగా తీసేస్తారని నాకు ఆ క్షణమే తెలిసింది.

అసలు భయం మా కౌంటర్ దగ్గరికి చేరింది 2018లో. ఈయూతో ఒప్పందం లేకుండానే బయటపడాల్సి రావచ్చని ఆగస్టులో ప్రభుత్వం ఒప్పుకుంది. మామూలు నిల్వ మీద అదనంగా ఆరు వారాల సరుకు పెట్టుకోమని మందుల కంపెనీలకి చెప్పింది. మాకు, ఆసుపత్రులకి, రోగులకి మాత్రం ఏమీ దాచుకోవద్దని చెప్పింది. రెండూ ఒకే వారంలో పేపర్లో చదివితే మనిషికి ఏమనిపిస్తుంది? ప్రతి రోగీ ఇదే అడిగాడు. "వాళ్లని దాచుకోమంటారు, నన్ను వద్దంటారు, ఎందుకు?" ఇందులో తర్కం ఉంది. గోదాములో ఉన్న నిల్వని ఎక్కడ కొరత వస్తే అక్కడికి పంపొచ్చు, ఒకరింట్లో ఫ్రిజ్‌లో ఉన్నదాన్ని పంపలేరు. అందరూ ఒక నెల ముందే తీసుకుంటే ఆ నెలే కొరత పుడుతుంది. ఈ నాలుగు ముక్కలు ప్రభుత్వం ఇంటింటికీ ఒక కాగితం మీద రాసి పంపి ఉంటే సగం భయం పోయేది. రాలేదు. చెప్పే పని మా మీద పడింది, మా దగ్గరేమో చెప్పడానికి అధికారం లేదు.

ఇన్సులిన్ వాడేవాళ్ల భయం చూడలేకపోయేదాన్ని. ఈ దేశంలో వాడే ఇన్సులిన్ దాదాపు అంతా బయటినుంచే, ముఖ్యంగా డెన్మార్క్, జర్మనీ, ఫ్రాన్స్‌ల నుంచే వస్తుంది. ఈయూ నుంచి వచ్చే మందుల్లో నాలుగింట మూడు వంతులు డోవర్ దగ్గరి ఇరుకు సముద్రం దాటి లారీల్లో రావాల్సిందే. డోవర్ ఉన్న కెంట్ జిల్లాలో లారీలు ఆగిపోతే ఏమవుతుందని టీవీలో మ్యాపులు వేసి చూపించేవారు. అప్పటి ప్రధాని థెరిసా మే కూడా టైప్ 1 మధుమేహంతో ఇన్సులిన్ తీసుకునేవారే. "ఆవిడకి దొరుకుతుంది, నా కూతురికి?" అని ఒక తల్లి అడిగింది. ఆ పిల్లకి తొమ్మిదేళ్లు. కంపెనీలు పెట్టుకున్న నిల్వల గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. విని, "నీకు చెప్పమన్నది చెప్తున్నావు" అంది. కోపంగా కాదు, అలసిపోయి అంది.

అప్పటికే ఉన్న కొరతలు కూడా ఈ ఖాతాలోనే పడ్డాయి. 2018 శరదృతువులో, అలర్జీ ముదిరినప్పుడు పొడుచుకునే ఎపీపెన్ సూది దొరకలేదు, తర్వాతి ఏడాది ఆడవాళ్ల హార్మోన్ ప్యాచ్‌లు దొరకలేదు. తయారీలో, సరఫరాలో వచ్చిన ఇబ్బందులవి. ఆ మాట చెబితే ఒక సగం మంది నేను ప్రభుత్వాన్ని వెనకేసుకొస్తున్నానన్నారు, ఇంకో సగం మంది కొరత అనే మాటే బ్రెగ్జిట్‌ని ఆపడానికి పుట్టించిన బెదిరింపన్నారు. అదే కౌంటర్, అదే పూట.

ఒక ముసలాయన మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రల పెట్టె తెచ్చి లోపలి కాగితం విప్పి చూపించాడు. తయారీదారు చిరునామాల్లో మాల్టా అని ఉంది. "ఇది యూరప్ నుంచి వస్తోంది, ఇక రాదన్నమాట" అన్నాడు. ఆ కంపెనీ మిల్‌ఫార్మ్, దాన్ని 2006లో కొన్నది హైదరాబాద్ అరబిందో. మాత్రలు మన దగ్గరివి. ఈయూ నిబంధన ప్రకారం బయటి దేశంలో చేసిన ప్రతి బ్యాచ్‌నీ ఈయూలో అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించి విడుదల చేయాలి, అందుకే మాల్టా పేరు. ఇదంతా ఆయనకి నిదానంగా చెప్పాను. ఆరోజు ఆయన ప్రశాంతంగా వెళ్లాడు. నా ఊరివైపు నుంచి వచ్చిన మాత్రల గురించి నా నోటితో చెప్పగలిగినందుకు గర్వపడ్డాను కూడా.

ఒప్పందం లేకుండా బయటపడితే ఏమవుతుందో అంచనా వేసిన ఎల్లోహామర్ అనే ప్రభుత్వ పత్రం 2019 ఆగస్టులో పత్రికలకి చిక్కింది. పార్లమెంటు పట్టుబట్టాక సెప్టెంబరు 11న దాన్ని అధికారికంగా బయటపెట్టారు. మందుల సరఫరాకి అంతరాయం రావచ్చని అందులోనే ఉంది. అంటే ఆ తల్లి వెర్రిది కాదు. ఆమెకి తెలియకూడదనుకున్న సంగతి నిజంగానే ఒక ఫైల్లో ఉంది. జనం పుకార్లు నమ్ముతారని ఇక్కడి పెద్దలు తిడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నిజం చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే మనిషి దేన్ని నమ్మాలి? ఆ ఏడాది జూన్‌లోనే మా ఊళ్లో ఉప ఎన్నిక జరిగింది. లేబర్ అభ్యర్థి బ్రెగ్జిట్ పార్టీ మీద 683 ఓట్లతో గెలిచింది. మర్నాటికల్లా పోస్టల్ ఓట్ల మీద ఆరోపణలు లేచాయి, చూపులన్నీ లింకన్ రోడ్డు వైపు, అక్కడి పాకిస్తానీ కుటుంబాల వైపు తిరిగాయి. ఫలితం మాత్రం మారలేదు.

పోలండు ఆవిడ సెటిల్డ్ స్టేటస్‌కి, అంటే బ్రెగ్జిట్ తర్వాత కూడా ఈయూ పౌరులు ఇక్కడ ఉండేందుకు ఇచ్చే హోదాకి, దరఖాస్తు చేసుకున్నది నా ఫోన్లోనే. పాస్‌పోర్టు చిప్ చదివే ఆ యాప్ మొదట్లో ఆండ్రాయిడ్‌లోనే పనిచేసేది, ఆవిడది ఐఫోన్. డ్యూటీ అయ్యాక వెనక గదిలో కూర్చుని చేశాం. కొద్ది రోజుల్లోనే ఒక ఈమెయిల్ వచ్చింది. హోదా ఇచ్చాం, కానీ ఈ ఉత్తరం దానికి రుజువు కాదు అని అందులోనే రాసి ఉంది. కార్డు లేదు, ముద్ర లేదు. "నీకు కార్డు ఇచ్చారు, నాకెందుకు ఇవ్వరు?" అంది. అంతకు ముందు ఏడాదే విండ్‌రష్ వ్యవహారం బయటపడింది. 1973కి ముందు కరేబియన్ నుంచి వచ్చి జీవితమంతా ఇక్కడే పనిచేసినవాళ్లు కాగితం చూపించలేక ఉద్యోగాలు, వైద్యం పోగొట్టుకున్నారు, కొందరిని దేశం నుంచే పంపేశారు. ఆవిడ ఆ వార్తలన్నీ కత్తిరించి ఫైల్లో పెట్టుకుంది, దాని పక్కనే పద్నాలుగేళ్ల జీతం చీటీలు. గడువైన 2021 జూన్ 30 నాటికి ఆ పథకానికి 60 లక్షలకి పైగా దరఖాస్తులు వచ్చాయి. వాళ్లలో ఎక్కువమంది ఇలాంటి ఈమెయిలే పట్టుకుని కూర్చున్నారు. ఆ మరుసటి ఏడాది ఆవిడ పోలండులోని వ్రొత్సావ్‌కి వెళ్లిపోయింది. ఎవరూ తరమలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి రుజువు చేసుకుంటూ ఉండటం విసుగొచ్చిందని చెప్పింది.

ఆవిడ వెళ్లాక మన కార్డులూ పోయాయి. 2024 డిసెంబరు 31తో బయోమెట్రిక్ కార్డులు దాదాపు అన్నిటి గడువూ ముగించి అందరినీ ఆన్‌లైన్‌లోనే కనిపించే ఈవీసాలోకి మార్చారు. "కార్డు లేకపోతే విమానం ఎక్కనిస్తారా అక్కా?" అని ఆ డిసెంబరులో పిల్లలు నన్ను అడుగుతుంటే ఆవిడ ప్రశ్నే వినిపించింది.

వాట్సాప్‌లో చెప్పినట్టు మనవాళ్లు నిజంగానే వచ్చారు. 2022 ఫిబ్రవరి నుంచి కేర్ వర్కర్లకి కూడా వీసా ఇచ్చారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లు, ఎంబీఏలు చదివినవాళ్లు లక్షలు అప్పు చేసి వచ్చి ముసలివాళ్లకి స్నానాలు చేయిస్తున్నారు. 2023 నాటికి ఏడాది నికర వలస 9 లక్షలు దాటింది. వలస తగ్గుతుందని ఓటేసినవాళ్లు మోసపోయామనుకున్నారు, అనుకోవడంలో తప్పులేదు. ఆ కోపం ఇప్పుడు మా మొహాల మీదికి మళ్లింది. 2024 మార్చి నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లు భార్యనో భర్తనో పిల్లల్నో తెచ్చుకోకూడదన్నారు. 2025 మే శ్వేతపత్రంలో శాశ్వత నివాసానికి ఐదేళ్ల గడువుని పదేళ్లు చేస్తామన్నారు. జూలైలో విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్ల నియామకమే ఆపేశారు.

ఇక్కడున్న కేర్ వర్కర్లు ఇప్పుడు మా కౌంటర్ దగ్గరికి వస్తారు, మందుల కోసం కాదు. ఏది చట్టమయింది, ఏది ఇంకా ప్రతిపాదనో విడదీసి చెబుతాను. జీతం చీటీలు, పీ60లు అనే ఏడాది జీతం, పన్ను కాగితాలు పడెయ్యొద్దంటాను. వాయిస్ మెసేజీలు నమ్మొద్దంటాను. 2022లో వచ్చిన ఒక ఖమ్మం అమ్మాయి, "నేను వచ్చిన రోజు ఐదేళ్లని రాసి ఉంది కదక్కా, ఆ మాట నాకు వర్తిస్తుందా?" అంది. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా ఈ నియోజకవర్గంలో ఉండేవాళ్లందరికీ ఎంపీని కలిసే హక్కు ఉంది. ఇద్దరం శుక్రవారం ఎంపీ ఆఫీసుకి వెళ్లాం. ఆ అమ్మాయే మాట్లాడింది, ఇంగ్లిష్ తడబడినా ఆగలేదు. అక్కడివాళ్లు రాసుకుని, హోం శాఖని కనుక్కుంటామన్నారు. ఫోన్లో చెబితే కుదరదని, జవాబు కాగితం మీద రాసి పంపాలని అడిగి, చిరునామా ఇచ్చి వచ్చాం.