కర్రి మా నాన్నగారి కాళ్ల దగ్గరే ఎందుకు కూర్చుంటుంది

మా ఇంట్లో కర్రిని ముద్దు చేయని మనిషి ఎవరైనా ఉంటే అది నాన్నగారే. ఆరేళ్ల కిందట ఒక వానాకాలం సాయంత్రం మా రాజమండ్రి ఇంటి గేటు పక్కన వణుకుతూ కనిపించిన ఆ నల్ల కుక్కపిల్లను నేను ఎత్తుకొచ్చినప్పుడు, ‘వీధిలో ఉన్నవి చాలవా’ అని విసుక్కున్నారు. నాటి నుంచి నేటి వరకు ఆయన దాని తల నిమరడం నేను చూడలేదు. అయినా ఆయన పొద్దున్నే వరండాలో పడక కుర్చీలో వాలి పేపరు విప్పగానే, కర్రి ఎక్కడున్నా లేచి వెళ్లి, ఆయనకు వీపు తిప్పి, వెన్ను ఆయన పిక్కకు ఆనించి చతికిలపడుతుంది. రోజూ ఒళ్లోకి లాక్కుని బుజ్జగించే నా దగ్గరకు మాత్రం పదిసార్లు పిలిస్తేనే వస్తుంది. ఇది అన్యాయమని చాలాకాలం అనుకున్నాను.

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు, అయిదేళ్లవాడు, ఫోటో కోసం కర్రి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా వాటేసుకున్నాడు. మేమంతా మురిసిపోతూ ఇంకోటి, ఇంకోటి అని తీస్తూనే ఉన్నాం. మూడో ఫోటో దగ్గర అది గుర్రుమంది. అమ్మ చీపురు ఎత్తింది, కర్రి మంచం కిందకు దూరి దీపాలు పెట్టే వేళ వరకు బయటకు రాలేదు. రాత్రి ఫోన్‌లో ఆ ఫోటోలను వరసగా చూస్తే సిగ్గేసింది. మొదటిదానిలోనే అది ఒళ్లు బిగబట్టి మొహం పక్కకు తిప్పుకుంది, రెండోదానిలో నాలుకతో ముక్కు తడుముకుంటోంది, చెవులు వెనక్కి అతుక్కున్నాయి, కంటి తెలుపు నెలవంకలా ఒక మూల బయటపడింది. మేమేమో ‘సిగ్గుపడుతోంది’ అని నవ్వుకున్నాం.

కౌగిలి మనుషులకు, కోతులకు ఉన్న అలవాటు. ఒక కుక్క మరో కుక్క భుజాల మీద ముందుకాళ్లు వేసిందంటే అది ఆట కావచ్చు, పెత్తనం కావచ్చు, జత కట్టడం కావచ్చు. ప్రేమగా పెనవేసుకోవడం మాత్రం కాదు. మెడ చుట్టూ చేతులు పడితే తప్పించుకునే దారి మూసుకుపోయినట్టే దానికి తోస్తుంది. మొహం తిప్పుకోవడం, పెదవులు నాకడం, నిద్ర రాకుండానే ఆవులించడం వంటివాటిని నార్వేకు చెందిన శిక్షకురాలు టూరిడ్ రూగాస్ శాంతపరిచే సంకేతాలుగా వివరించారు. అవేవీ మనకు పట్టనప్పుడు మిగిలేది గుర్రుమనడమే. దానికీ చీపురు చూపిస్తే, కుక్క నేర్చుకునేది ఊరుకోవడం కాదు, ముందుగా చెప్పకుండా కరవడం.

తోక విషయంలోనూ మనం తొందరపడతాం. ఇటలీ పరిశోధకులు 2007లో 30 పెంపుడు కుక్కలను గమనించి, యజమానిని చూసినప్పుడు తోక కుడివైపుకు, బెదిరించే తీరున్న కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగా ఊగుతుందని ప్రకటించారు. ఇది చదివాక అమ్మ వారం రోజులు కర్రి వెనకాలే తిరిగింది కానీ, ఆ తేడా మామూలు కంటికి అందేది కాదు. తోకతో పాటు నడుము కూడా వదులుగా మెలికలు తిరుగుతోందా, నోరు కాస్త తెరుచుకుని ఉందా అని చూడటం మేలు. ఒళ్లంతా బిగుసుకుని తోక కొస మాత్రమే టపటపా కొట్టుకుంటుంటే దూరంగా ఉండటమే మంచిది.

మొహం నాకడానికి మూలం ఆకలి. తోడేలు పిల్లలు తల్లి మూతి నాకి, అది కక్కిచ్చే తిండిని అడుగుతాయి. ఆ అడగడమే పెద్దయ్యాక పలకరింపుగా మారింది. చూపు సంగతి ఇంకా విచిత్రం. కొత్తవాళ్లు కళ్లలోకి గుచ్చి చూస్తే కుక్కకు అది సవాలు, తనవాళ్లు చూస్తే లాలన. జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో, కుక్కా యజమానీ ఒకరినొకరు ఎక్కువసేపు చూసుకున్న జంటల్లో ఇద్దరికీ ఆక్సిటోసిన్ పెరిగిందనీ, మనుషులు పెంచిన తోడేళ్లలో ఆ మార్పు కనబడలేదనీ తేల్చారు. తల్లీబిడ్డల మధ్య బంధంలో పాలుపంచుకునే హార్మోను అదే.

అలాగని కుక్కకు స్పర్శ అక్కర్లేదని కాదు. 2017లో కోల్‌కతాలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌ పరిశోధకులు వీధి కుక్కల మీద ప్రయోగం చేసి, ముక్కుమొహం తెలియని మనిషి మీద నమ్మకం కుదరడానికి పదేపదే తిండి పెట్టడం కన్నా పదేపదే నిమరడమే ఎక్కువ పనిచేసిందని చూపారు. బిస్కెట్టుతోనే అంతా అయిపోతుందనుకునే మనకు ఆ వీధి కుక్కలు చెప్పింది చిన్న విషయం కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అన్నదే అసలు సంగతి. ఇప్పుడు నేను కర్రిని పిలిచి, రొమ్ము మీదో చెవి కిందో మూడు నాలుగు సెకన్లు నిమిరి, చెయ్యి తీసేసి ఆగుతున్నాను. ఇంకా కావాలంటే మూతితో చెయ్యి పైకి ఎగదోస్తుంది, వద్దంటే ఒళ్లు విదిలించుకుని వెళ్లిపోతుంది. మొదట్లో అలా వెళ్లిపోవడమే ఎక్కువగా ఉండేది, ఒప్పుకోక తప్పదు.

మొన్నొక ఉదయం వరండా గడపలో కాఫీ గ్లాసుతో నిలబడి నాన్నగారిని గమనించాను. కర్రి వచ్చి ఆనుకోగానే, పేపరు మీంచి చూపు తిప్పకుండానే ఆయన ఎడమకాలి బొటనవేలు దాని తుంటి మీద మెల్లగా గీరడం మొదలుపెట్టింది. పేజీ తిప్పేటప్పుడు వేలు ఆగింది. కర్రి మెడ వెనక్కి తిప్పి ఆయన మొహంలోకి చూసింది, ఆయన కళ్లద్దాల పైనుంచి ఒకసారి దానిని చూశారు, అది ఇంకాస్త వెనక్కి జరిగి ఒత్తుకుంది, వేలు మళ్లీ కదిలింది. నేను ఎన్నో వ్యాసాలు చదివి నేర్చుకున్నదంతా అక్కడ జరుగుతోంది. ‘దాన్ని ముద్దు చేయనంటారు కదా’ అన్నాను.

‘ఎవరు ముద్దు చేశారు? అదే వచ్చి కాలికి తగులుతోంది’ అని పేపరు కాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. వేలు మాత్రం ఆగలేదు.