బాపు కుడిచెయ్యికి చేసిన పరీక్ష

మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేటోడు. వయసు 67. ఒకరోజు తెల్లారి లేచేసరికి కుడికాలు, కుడిచెయ్యి పడిపోయినయి. పక్షవాతం. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. నిద్రలో ఎప్పుడు వచ్చిందో ఎవరికి ఎరుక? ఆ అవకాశం పోయింది. మాట నిలిచింది, కాలు కూడా కొంత తేరుకుంది. చెయ్యి మాత్రం ఎక్కడ పెడితే అక్కడే.

ఆసుపత్రిలో ఎప్పుడడిగినా "ఫిజియోథెరపీ చేయించండి, చూద్దాం" అనేవారు. చుట్టాలు పావురం రక్తం రాయమన్నారు, పసరు మందు పోసే ఊళ్ల పేర్లు చెప్పారు. తమ్ముడు కారు కూడా మాట్లాడిండు.

మూడో రోజు ఫిజియోథెరపిస్టు వచ్చి బాపుతో రెండే పనులు చేయించింది: చెయ్యి పక్కకు ఎత్తడం, వేళ్లు చాపడం. ఒక్కోదానికి 5 మార్కులు. బాపుకు 10కి 1 వచ్చింది, అదీ భుజానిదే. కనీసం 5 వస్తే, 80 ఏళ్లలోపు వాళ్లకు చెయ్యి బాగా తిరిగొస్తుందని అక్కడికక్కడే చెప్పొచ్చట. తక్కువ వస్తేనే చిక్కు. అలాంటివాళ్లలో కొందరికి చెయ్యి వస్తుంది, కొందరికి రాదు, చూడడానికి మాత్రం అందరిదీ ఒకేలా పడి ఉంటుంది. మెదడు నుంచి చేతికొచ్చే నరాల దారి మిగిలిందో లేదో చూడాలంటే టీఎంఎస్ అనే అయస్కాంత పరీక్ష కావాలి, అదీ మొదటి వారంలోనే. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రెప్-2 పద్ధతి ఇది. ఆమె చెప్పిన డాక్టర్ హైదరాబాద్‌లో ఉండడంతో జనగాం, భువనగిరి మీదుగా అంబులెన్సులో తీసుకుపోయినం.

"కరెంటు షాకు పెడతరా?" అని అవ్వ భయం. అదేం లేదు. పేస్‌మేకర్ ఉందా, తలలో లోహం ఉందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినయా అని ముందే అడిగారు. చేతికి, ముంజేతికి స్టిక్కర్లు అంటించి, ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న కాయిల్‌ను తల మీద ఆనించారు. టక్కుమని చప్పుడు. ముందు మంచి చేతికి చేస్తే వేలు దానంతటదే ఎగిరింది, స్క్రీన్ మీద అల లేచింది, అంటే నరాల దారి ఉన్నట్టే. బాపుకు నవ్వొచ్చింది. తర్వాత కాయిల్‌ను ఎడమవైపుకు మార్చి, కుడిచేతికి. ఏమీ లేదు. శక్తి పెంచారు, దిండును రెండు చేతులతో గట్టిగా హత్తుకోమన్నారు. అప్పుడూ గీత గీతలాగే పోయింది.

అల రాలేదు కాబట్టి చివరగా పక్షవాతం తీవ్రత స్కోరు చూశారు. బాపుది 6. 7 గానీ పైన గానీ ఉంటే "పూర్", తక్కువైతే "లిమిటెడ్". బాపుది లిమిటెడ్, అంటే మూడు నెలలకు చెయ్యి కొంత కదులుతుంది, వేళ్లతో చేసే సన్నపని కష్టం. ఈ అంచనా నలుగురిలో దాదాపు ముగ్గురికి నిజమవుతుందని కూడా డాక్టరే చెప్పారు.

చెప్పొద్దని అవ్వ సైగ చేస్తూనే ఉంది. బాపే అడిగిండు: "మల్ల మగ్గం మీద కూసుంటనా, డాక్టర్ సాబ్?"

"ఇప్పట్లో ఆ ఆశ పెట్టుకోకండి పెద్దయ్యా. ఎడమచేత్తో తినడం ఇయ్యాల్నే మొదలుపెట్టండి."

మగ్గం మాటకన్నా బాపుకు ఆ రెండో మాటే ఎక్కువ తగిలింది. "ఎడమచేత్తో బువ్వ తింటరా ఎవలన్న?" అని అవ్వ తినిపిస్తేనే తిన్నడు కొన్నాళ్లు. చివరికి చెంచా పట్టిండు. చెంచాతో అయితే తప్పు లేదట!

డాక్టర్ ఈ అంచనా రాసిచ్చిన కాగితంతో ఫిజియోథెరపీ తీరే మారింది. గంటలకొద్దీ బంతి పిసకమనడం మానేశారు. భుజం జారకుండా దిండు ఆసరా, చెయ్యి పట్టి లాగి లేపొద్దని మాకు గట్టి హెచ్చరిక, వేళ్లు ముడుచుకుపోకుండా రోజూ సాగదీయడం, మిగతా పనులన్నీ ఎడమచేతికి. పసరు మందు కారు కూడా రద్దయింది.

మూడు నెలలకు భుజం కొంత లేస్తుంది, సంచి మోచేతికి తగిలించుకుంటడు, వేళ్లు మాత్రం చాచలేడు. ఆ కాగితమే బాపు ధైర్యం తీసిందని తమ్ముడు ఇప్పటికీ అంటడు. నేను ఒప్పుకోను. తెలియకపోతే ఆ మూడు నెలలూ, ఉన్న డబ్బూ ఊళ్లు తిరగడానికే పోయేవి.

టీఎంఎస్ అన్నిచోట్లా దొరకదు. భుజం, వేళ్ల పరీక్షకు మాత్రం ఏ యంత్రం అక్కర్లేదు, మూడో రోజున అడిగి చేయించుకోండి.