ఆధిక్యం వచ్చాక కాలప్రమాణం

ఉగాదికి ముందురోజు, అంటే 2025 మార్చి 29న, బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ జట్టు బెంగళూరు ఎఫ్‌సీ, అంతకు ముందు సీజన్ కప్పు గెలిచిన ముంబయి సిటీని 5-0తో ఇంటికి పంపింది. మర్నాడు పొద్దున పచ్చడి గిన్నె చేతికిస్తూ మా మామగారు, "ఏం అల్లుడూ, ఈ ఏడాది మీ జట్టుకు ఆదాయం అయిదు, వ్యయం సున్నా అన్నమాట" అన్నారు. పంచాంగంలోని ఆదాయ వ్యయాలు ఏడాది పొడవునా ఒకేలా ఉండవని రెండు వారాల్లోనే తెలిసివచ్చింది.

తెలుగువాడినై ఉండి హైదరాబాద్ జట్టును వదిలి బెంగళూరు జట్టు వెంట ఎందుకు పడ్డానని అడిగేవారికి నేను లెక్కలు చెబుతాను. మా అనంతపురానికి బెంగళూరు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, హైదరాబాద్ మూడు వందల యాభై పైనే. అయినా నమ్మకపోతే, మా జట్టు తార సునీల్ ఛెత్రి 1984లో పుట్టింది సికింద్రాబాద్‌లోనే కదా అని వాదన ముగిస్తాను.

ఆ సీజన్ ఆరంభం చూసినవాళ్లెవరూ అంత కష్టపు ముగింపును ఊహించలేదు. 2024 సెప్టెంబరు 28న ఇదే కంఠీరవలో మోహన్ బగాన్‌ను 3-0తో ఓడించాం. డిసెంబరు 7న కేరళ బ్లాస్టర్స్ మీద 4-2తో గెలిచిన రాత్రి నలభై ఏళ్ల ఛెత్రి మూడు గోల్స్ కొట్టి, ఐఎస్ఎల్‌లో హ్యాట్రిక్ చేసిన అందరిలోకీ పెద్ద వయసువాడయ్యాడు. అభిమానుల అడ్డా అయిన వెస్ట్ బ్లాక్ నుంచి వస్తున్న పాటలకు, డప్పులకు నా పక్క సీటులోని పెద్దాయన తాళం వేస్తూ కూర్చున్నాడు. జనవరిలో మాత్రం జట్టు నీరసించింది. లీగ్‌కు కొత్తగా వచ్చిన మొహమ్మడన్ చేతిలో 88వ నిమిషంలో గోల్ ఇచ్చి సొంతగడ్డ మీదే 0-1తో ఓడిపోవడం నాకు మింగుడుపడలేదు. లీగ్ దశ ముగిసేసరికి అగ్రస్థానంలోని మోహన్ బగాన్‌కు 56 పాయింట్లు, మూడో స్థానంలో ఉన్న మనకు 38.

ఆ జనవరిలోనే, ఫుట్‌బాల్ మీది విసుగుతో కావచ్చు, నేను పాటలు వినే పద్ధతి మార్చుకున్నాను. అప్పటిదాకా నేషనల్ కాలేజీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఆఫీసు చేరేలోపు నాలుగైదు సినిమా పాటలు వినేవాణ్ని. ఆ అలవాటు మాని, రెండున్నర గంటల పాత కచేరీ రికార్డింగులను మధ్యలో కత్తిరించకుండా, వారానికి ఒకటి చొప్పున, దిగిన చోట ఆపి ఎక్కిన చోట మొదలుపెడుతూ వినసాగాను. మామగారు చిన్నప్పుడు ఆరేళ్లు మృదంగం నేర్చుకున్నవారు. నా చెవిలో ఉన్న రెండో ఇయర్‌ఫోన్ తీసుకుని పెట్టుకుని, కాసేపు తొడ మీద తాళం వేసి, "ఈయన పరుగెత్తుతున్నాడు" అనేవారు. నాకేమో పాట రంజుగా ఉందనిపించేది.

ఆయన చెప్పింది అర్థం కావడానికి నాకు నెల పట్టింది. రెండు కళల ఆదితాళంలో చౌకంగా, అంటే నెమ్మదిగా, ఎత్తుకున్న కృతి, ఒకే పంక్తిని రకరకాలుగా పాడే నెరవల్ దాటి, అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలకు వచ్చేసరికి, గాయకుడి ఉత్సాహానికి మృదంగం కూడా తోడై, ఎవరూ గమనించకుండానే వేగం పుంజుకుంటుంది. పల్లవి మళ్లీ అందుకున్నప్పుడు సాహిత్యంలోని అక్షరాలకు ఊపిరి పీల్చుకునే చోటు ఉండదు. నిజమైన విద్వాంసుడు రెండో కాలంలో స్వరాలు పాడుతున్నప్పుడు స్వరాల నడక రెట్టింపవుతుంది కానీ తాళం వేసే చెయ్యి మాత్రం మొదట పడిన వేగంతోనే పడుతుంది. వినేవాడికి వేగం కనిపిస్తుంది, పాడేవాడికి తొందర ఉండదు. ఎత్తుకున్న కాలప్రమాణాన్ని, అంటే మొదట పట్టిన వేగాన్ని, మంగళం దాకా నిలబెట్టడం కంటే కష్టమైన పని కచేరీలో లేదని మామగారి అభిప్రాయం. ఆయనకు సన్నిహితంగా ఉన్న ప్రతి విషయంలోనూ ఇలాంటి తీర్పులే ఉంటాయి, ఇడ్లీ పిండితో సహా.

ఏప్రిల్ 2న సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో గోవాపై 2-0తో గెలిచాం. రెండో మ్యాచ్ 6వ తేదీన, సరిగ్గా శ్రీరామనవమి నాడు, గోవాలో. ఆ సాయంత్రం నేను 1939 నుంచి చామరాజపేటలో జరుగుతున్న రామనవమి సంగీతోత్సవంలో, ఫోర్ట్ హైస్కూలు మైదానపు పందిట్లో, మామగారి పక్కన కూర్చుని ఉన్నాను. పాడేవి ఎక్కువగా తెలుగు కృతులు, వినేవారు ఎక్కువగా కన్నడిగులు, తమిళులు. ముందు వరుసలోని ఒకావిడ ఒక చరణానికి అర్థం అడిగితే, మామగారు కన్నడంలో చెబుతూ మురిసిపోయారు. మృదంగం ఒక్కటే వినిపించే తని ఆవర్తనం సాగుతుండగా జేబులో ఫోన్ రెండోసారి వణికింది. 88వ నిమిషంలో గోవా రెండో గోల్ కొట్టి రెండు మ్యాచ్‌ల మొత్తం స్కోరు సమం చేసింది. లేచి బయటికి వచ్చి, మజ్జిగ, పెసరపప్పు కోసంబరి పంచే చోట నిలబడి తెర చూశాను. అదనపు సమయం తప్పదనుకుంటుండగా ఛెత్రి తలతో బంతిని లోపలికి నెట్టాడు. లోపల మృదంగం ముక్తాయింపు ముగించడం, పందిరంతా చప్పట్లు కొట్టడం అప్పుడే జరిగింది. ఆ చప్పట్లలో నావీ కలిశాయి, కారణం మాత్రం వేరు.

ఆ సంబరంలో నేను చూడదలచుకోని విషయాన్ని ఫైనల్ చూపించింది. ఏప్రిల్ 12న కోల్‌కతా సాల్ట్ లేక్‌లో, ప్రత్యర్థి మోహన్ బగాన్ డిఫెండర్ ఆల్బెర్టో రోడ్రిగెజ్ సెల్ఫ్ గోల్‌తో 49వ నిమిషంలోనే మనకు ఆధిక్యం దొరికింది. 72వ నిమిషంలో జేసన్ కమింగ్స్ పెనాల్టీ, 96వ నిమిషంలో జేమీ మెక్‌లారెన్ గోల్, 1-2తో అంతా ముగిసింది. జులైలో తర్వాతి సీజన్‌ను నిలిపివేశారని తెలిసి చూడడానికి కొత్త మ్యాచ్‌లు లేనప్పుడు, ఆ ఇరవై మూడు నిమిషాలను నేను మూడుసార్లు తిరిగి చూశాను. నలభై వేల గొంతులను మించిన ఆ హోరులో జట్టు భయపడి వెనక్కి తగ్గిందని చాలామంది అంటారు. నాకు అలా కనిపించలేదు. గోల్ పడగానే మనవాళ్లు బంతిని దొరికిన వెంటనే వదిలించుకోవడం మొదలుపెట్టారు, నాలుగు పాస్‌ల చోట ఒక పొడవాటి కిక్, ఆ కిక్ తిరిగి రావడం, మళ్లీ ఉరుకులు. గోవాతో చివరి పావుగంటా, మొహమ్మడన్‌తో చివరి పది నిమిషాలూ ఇలాగే గడిచాయి. శరీరం అలసిన మాట నిజమే అయినా, కాళ్లతో పాటు తాళం వేసే చెయ్యి కూడా పరుగెత్తింది. సెప్టెంబరులో ఇదే మోహన్ బగాన్‌పై మూడు గోల్స్ కొట్టిన జట్టు ఆధిక్యం వచ్చాక కూడా అదే నడకతో ఆడింది.

ఫైనల్ రాత్రి చైత్ర పౌర్ణమి, పూజారి తలపై పూల కరగను మోస్తూ ఊరేగే బెంగళూరు కరగ ఉత్సవం జరిగే రాత్రి. టీవీ కట్టేశాక నిద్ర పట్టే ఆశ లేక, మామగారూ నేనూ తిగళరపేట వైపు నడిచాం. కంఠీరవ స్టేడియం కట్టింది ఒకప్పటి సంపంగి చెరువులోనని, ఆ చెరువులో మిగిలిన చిన్న గుంట దగ్గరికి కరగ ఆచారాల కోసం ఇప్పటికీ వెళతారని ఆయన దారిలో చెప్పారు. అర్ధరాత్రి దాటాక ధర్మరాయ గుడిలోంచి, చీర కట్టి గాజులు తొడుక్కున్న పూజారి తలపై మల్లెల గోపురంలా కరగ బయటికి వచ్చింది. చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు, గోవిందా అని వేల గొంతులు, తమటె అనే డప్పు దెబ్బల జోరు, పైనుంచి కురుస్తున్న మల్లెలు. పూజారి దాన్ని చేత్తో తాకకుండా, ఆ ఇరుకు సందులో ఎవరి తోపులాటకూ అడుగు మార్చకుండా నడుస్తున్నాడు. మామగారి చెయ్యి నా భుజం మీద తాళం వేస్తోందని కొంతసేపటికి గమనించాను. మా ముందు నీలం జెర్సీ తొడుక్కున్న ఒక కుర్రవాడు, జేబురుమాలుతో కళ్లు తుడుచుకుని, ఫోన్ పైకెత్తి ఫోటో తీసుకుంటున్నాడు.