ఫ్రమ్ గడి

దుబాయ్‌లో మా ఆఫీసు ఇంపోర్ట్స్ సెక్షన్‌కి మెయిల్ అడ్రస్ ఒకటే. దాన్ని చూసేది ముగ్గురం: మలయాళీ సీనియర్ ఒకాయన, ఫిలిప్పీన్స్ అమ్మాయి, నేను. ఆయన్ని నేను చేట్టా అంటాను, ఆ అమ్మాయి నన్ను కుయా అంటుంది. రెండిటికీ అర్థం అన్నయ్యే. ఓడ జెబెల్ అలీ చేరకముందే సరుకు కాగితాలన్నీ ఆ అడ్రస్‌కి వచ్చిపడతాయి. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు అందుకుంటాం.

ఇది కాక ఎవరి సొంత ఆఫీసు మెయిల్ వాళ్ళకుంది. జీతం స్లిప్పు, లీవు, వీసా రెన్యువల్ అన్నీ అందులోనే. రెండూ ఒకే స్క్రీన్ మీద ఉండటంతోనే వచ్చింది చిక్కు. బ్రౌజర్‌లో ఔట్‌లుక్ తెరిచి కొత్త మెయిల్ మొదలుపెడితే ‘ఫ్రమ్’ గడి మామూలుగా కనపడదు, ఆప్షన్స్‌లోకి వెళ్ళి మనమే పైకి తెచ్చుకోవాలి. చేరిన కొత్తలో నాకా సంగతి తెలీదు. టూ, సీసీ నాలుగుసార్లు చూసుకునేవాణ్ణి. ఎవరి పేరు మీద పోతోందో మాత్రం చూసేవాణ్ణి కాదు.

ఒక శ్రావణంలో చెల్లి పెళ్ళికి అమలాపురం బయల్దేరాను. ముందురోజు మోర్బీ నుంచి వస్తున్న టైల్స్ కంటైనర్ గురించి పార్టీకి మెయిల్ పెట్టాను, ఛార్జీలు కట్టి స్లిప్పు పంపితే డీఓ, అంటే సరుకు విడిపించుకునే డెలివరీ ఆర్డర్, ఇచ్చేస్తామని. కింద సెక్షన్ పేరే ఉంది. వెళ్ళింది మాత్రం నా పేరు మీద. వాళ్ళు మర్నాడే కట్టి, ఆ మెయిల్‌కే రిప్లై కొట్టారు. స్లిప్పు వచ్చి నా ఇన్‌బాక్స్‌లో కూర్చుంది. నేనేమో పందిట్లో వడ్డన చూస్తున్నాను. సెక్షన్‌లో మనుషులున్నారు కదా అని నా మెయిల్‌కి ఆటో రిప్లై కూడా పెట్టలేదు.

నాలుగో రోజు చేట్టా ఫోన్ చేశాడు.

“టైల్స్ పార్టీ డబ్బు కట్టేశామని అరుస్తున్నాడు. ఇక్కడేమీ లేదు. నీకొచ్చిందా?”

సన్నాయి మోతలో రెండోసారికి గానీ వినపడలేదు. తెరిచి చూస్తే ఉంది. వెంటనే ఫార్వర్డ్ చేశాను గానీ, అప్పటికే ఛార్జీ లేకుండా కంటైనర్ ఉంచే ఫ్రీ టైమ్ దాటి, రెండు రోజుల ఆలస్యానికి డెమరేజ్ ఛార్జీ పడింది. జీతంలో కోస్తారేమోనని సెలవంతా టెన్షనే. కోయలేదు, కంపెనీయే భరించింది.

తిరిగొచ్చాక చేట్టా పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. ‘సెండ్ యాజ్’ పర్మిషన్ ఉంటే అవతలివాళ్ళకి సెక్షన్ పేరే కనపడుతుంది. ‘సెండ్ ఆన్ బిహాఫ్’ అయితే సెక్షన్ తరఫున ఫలానావాడు పంపాడని మన పేరూ పడుతుంది. ఇంకో తిరకాసు, సెక్షన్ పేరు మీద పంపినా కాపీ మామూలుగా పంపినవాడి సెంట్ ఫోల్డర్లోకే పోతుంది. అందుకే ఒకే పార్టీకి ఇద్దరం రెండు జవాబులిచ్చిన సందర్భాలున్నాయి. సెక్షన్ ఫోల్డర్లో కూడా కాపీ పడేలా అడ్మిన్ సెట్టింగ్ మార్చాలి. ఐటీవాళ్ళ వెంటపడి మార్పించాం. నేను పసుపు చీటీ మీద ‘ఫ్రమ్ చూడు’ అని తెలుగులో రాసి మానిటర్‌కి అంటించుకున్నాను. అదేంటని ఆ అమ్మాయి అడిగితే చదివి చెప్పాను.

చీటీ ఉండగానే మళ్ళీ చేశాను, ఈసారి తిరగేసి. దేరాలో మా బెడ్ స్పేస్‌లో, అంటే పదిమందితో పంచుకునే గదిలో మంచం వరకే అద్దెకుండే చోట, నల్లులు. రాత్రంతా గోక్కుని, పొద్దున్నే ఆ నిద్రమత్తులోనే ఫ్లాట్ చూసే ఏజెంటుకి ఘాటుగా మెయిల్ కొట్టాను. అది సెక్షన్ అడ్రస్ నుంచి పోయింది. వాడి జవాబు ముగ్గురికీ కనపడే ఇన్‌బాక్స్‌లోకే వచ్చింది, నా మంచం నంబరుతో సహా: నల్లుల్ని ఊరి నుంచి నువ్వే పెట్టెలో తెచ్చుంటావ్, ముందు ఆ దుప్పట్లు ఉతుక్కో అని.

చేట్టా ఏమీ అనలేదు, టీ తాగుతూ భుజాలు కదిపాడంతే. మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి నా కీబోర్డు మీద నల్లుల మందు డబ్బా ఉంది. దానికో పసుపు చీటీ. మానిటర్ మీది అక్షరాలు చూసి దింపినట్టుంది ఆ అమ్మాయి, ‘డు’ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.